పరీక్ష ఎప్పుడో అడ్మిషన్ రోజే చెప్పండి: దూరవిద్య నడుపుతున్న ప్రభుత్వ యూనివర్సిటీల వీసీలకు బహిరంగ లేఖ

వైస్ చాన్సలర్ గార్లకు, దూరవిద్యా కేంద్రాల డైరెక్టర్లకు, పరీక్షల విభాగంలో కూర్చునే సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

అడగాల్సింది ముందే అడిగేస్తాను, ఎందుకంటే మీ దగ్గరికొచ్చే అర్జీల్లో అసలు విషయం మూడో పేజీలో ఉంటుందని, అక్కడిదాకా ఎవరూ చదవరని విన్నాను. మేం ఫీజు కట్టి చేరిన రోజే, ఆ సెమిస్టర్ పరీక్షలు ఏ వారంలో మొదలవుతాయో, ఫలితాలు ఏ తేదీలోపు ఇస్తారో రాసి ఇవ్వండి. రాసిన తేదీకి పరీక్ష పెట్టండి. ఇంతే. ఫీజు తగ్గించమని అడగడం లేదు, పాస్ మార్కులు తగ్గించమని అసలే అడగడం లేదు.

నేనొక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఉద్యోగం చేస్తూనే మన రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఒక పేరున్న ప్రభుత్వ యూనివర్సిటీ నుంచి దూరవిద్యలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేశాను. ఏ యూనివర్సిటీయో చెప్పను, ఎందుకంటే చెప్తే మిగతావాళ్ళు 'హమ్మయ్య, మనం కాదు' అనుకుంటారు. స్టాఫ్ రూముల్లో, బస్సుల్లో, దూరవిద్య వాళ్ళకి అప్పుడప్పుడు నేరుగా చెప్పే కాంటాక్ట్ క్లాసుల మధ్య టీ కొట్టు దగ్గర విన్నదాన్నిబట్టి ఈ జబ్బు ఒక్కచోట ఉన్నది కాదు. తేదీలు పద్ధతిగా పాటించే కేంద్రం మీదైతే ఈ లేఖ మీకు కాదు, సంతోషంగా పక్కన పెట్టేయండి.

బయటివాళ్ళకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. తేదీదేముంది, ఎప్పుడు పెడితే అప్పుడు రాస్తే సరి, చదివినవాడికి తేదీతో పనేంటి అంటారు. మా అత్తగారు కూడా అదే అన్నారు. కానీ బడిలో పని చేసేవాళ్ళని మార్చి నెల గురించి అడగండి. ఒంటిపూట బడులు మొదలవుతాయి, అదే సమయానికి పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరుకి ఆ నెలలో జ్వరం రావడానికి కూడా పర్మిషన్ ఉండదు. పొద్దున ఆరున్నరకి స్టడీ అవర్, సాయంత్రం స్లిప్ టెస్టులు, రాత్రి తల్లిదండ్రుల ఫోన్లు. సరిగ్గా ఆ నెలలో, వారం రోజుల ముందు, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఒక పీడీఎఫ్ ప్రత్యక్షమవుతుంది. వంకరగా స్కాన్ చేసిన కాగితం, కింద అడ్డంగా ఒక సంతకం, సంతకం కింద పాత తేదీ. ఫలానా సోమవారం నుంచి శనివారం వరకు, రోజూ మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు పరీక్షలు. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి వారం సెలవు అడిగితే ఆయన కోప్పడలేదు. "మేడమ్, ముందే చెప్పుంటే డిసెంబర్‌లోనే సిలబస్ సర్దుకునేవాళ్ళం కదా" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ముందే చెప్పడానికి నాకు తెలిస్తే కదా. చివరికి జీతం కోత మీద సెలవు దొరికింది, టోపాలజీ పేపర్ రాసి బయటికి రాగానే పదో తరగతి పిల్లల నుంచి త్రికోణమితి డౌట్లు వాట్సాప్‌లో ఎదురుచూస్తున్నాయి. మరుసటి రోజు సాయంత్రం ఇంకో పీడీఎఫ్ వచ్చింది. 'అనివార్య కారణాల వల్ల' చివరి రెండు పేపర్లు వాయిదా. ఆ కారణాలేంటో ఇప్పటికీ తెలియదు, నా కోతపడిన జీతం మాత్రం వాయిదా పడలేదు.

ఇదంతా టైమ్ మేనేజ్‌మెంట్ సమస్య అనుకునే పెద్దలు ఎవరైనా ఉంటే, లెక్కల టీచర్ని కాబట్టి ఒక చిన్న లెక్క చూపిస్తాను. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ లెక్క ప్రకారం దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే ముప్ఫై గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపర్‌కి 120 గంటలు. సెమిస్టర్‌కి అలాంటివి అయిదు పేపర్లుంటే 600 గంటలు. ఆరు నెలలకి పంచితే రోజుకి మూడు గంటల ఇరవై నిమిషాలు, ఆదివారాలు, పండగలు, పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడిన రోజులు అన్నీ కలుపుకుని. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలి, సాయంత్రం వచ్చి, తొమ్మిదో తరగతి ఎఫ్ఏ పేపర్లు దిద్ది కూర్చునే మనిషికి రోజుకి మూడు గంటలు ఎక్కడ దొరుకుతాయి? దొరకవు. కాబట్టి అందరం చేసేది ఒకటే. మామూలు రోజుల్లో గంటో గంటన్నరో చదివి, మిగతా లోటు దసరా సెలవుల్లోనో సంక్రాంతి సెలవుల్లోనో పూడ్చుకుంటాం, పరీక్షకి ముందు ఓ పది రోజులు సెలవు పోగుచేసుకుంటాం. ఈ సర్దుబాటు మొత్తం ఒకే ఒక్క అంకె మీద నిలబడుతుంది, అది పరీక్ష తేదీ. అది చెప్పకుండా అడ్మిషన్లు తీసుకోవడమంటే ముహూర్తం పెట్టకుండా శుభలేఖలు పంచడమే.

పైగా నేనున్నది బడిలో, నా పరిస్థితి నయం. మా కాంటాక్ట్ క్లాసులకి ఆర్టీసీ కండక్టర్ ఒకాయన వచ్చేవారు. ఎంఏ చేస్తున్నారు, వేరే సబ్జెక్టు, భోజనాల దగ్గర పరిచయం. డిపోలో డ్యూటీ చార్టు వేసేస్తారు, ఒకసారి పేరు పడ్డాక మార్చుకోవాలంటే తన బదులు ఎక్కే మనిషిని తనే వెతుక్కోవాలి. ఆయన బ్యాగులో హాల్ టికెట్‌తో పాటు ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది, ఎవరికి ఎన్ని డ్యూటీలు బాకీ పడ్డాడో అందులో రాసుకునేవాడు. పరీక్ష వాయిదా పడ్డ ప్రతిసారీ బాకీ పెరిగేది. పరీక్షలు రాయడానికి దుబాయ్ నుంచి వచ్చిన ఒకాయన కూడా ఉన్నారు. సెలవు మంజూరై, టికెట్ కొనుక్కుని, ఊరొచ్చి కూర్చున్నాక వాయిదా అంటే ఆ మనిషి ఏం చేయాలి? మళ్ళీ ఆర్నెల్లకి రావాలా? రాలేదు. ఆయన డిగ్రీ అక్కడే ఆగిపోయిందని విన్నాం.

ఈ గందరగోళంలో బాగుపడుతున్నది ఎవరో మీకు తెలుసో లేదో. తేదీలు అధికారికంగా ముందు రావు కాబట్టి వాటిని ముందు తెలుసుకోగలిగిన మనిషికి విలువ పెరుగుతుంది. జిరాక్స్ షాపు పక్కన 'దూరవిద్య అడ్మిషన్లు ఇక్కడ చేయబడును' అని ఫ్లెక్సీ కట్టుకున్న ఆయన వాట్సాప్ గ్రూపు నడుపుతాడు. అందులో ఉంటే 'పరీక్షలు వచ్చే నెల ఉండొచ్చు, కన్‌ఫర్మ్ కాదు' అని మెసేజ్ వస్తుంది. అసైన్‌మెంట్లు కూడా రాసిపెడతాం అంటాడు, దానికో రేటు. ఆయన్ని తిట్టడం సులువే, మీరు ఖాళీగా వదిలేసిన కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ఒక సర్క్యులర్ సమయానికి వేస్తే ఆ వ్యాపారం సగం పడిపోతుంది, దాడులూ కమిటీలూ అక్కర్లేదు.

ఇక ఫలితాలు. ఇక్కడ నాకు మంట ఎక్కువ, కొంచెం ఓపిక పట్టండి. రెండో సెమిస్టర్ ఫలితాలు రాకముందే మూడో సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టమంటారు. అదే నోటిఫికేషన్‌లో రెండో సెమిస్టర్ సప్లీ ఫీజు కూడా ఉంటుంది. పాసయ్యామో లేదో తెలియకుండా సప్లీకి కట్టాలా వద్దా? భయపడేవాళ్ళు కట్టేస్తారు. పాసైతే ఆ డబ్బు తిరిగి ఇస్తారా? మాకెవరికీ ఇవ్వలేదు. అది కూడా పోనీ. నా చివరి సెమిస్టర్ పరీక్షలు అయిపోయి, ఫలితం కోసం చూస్తుండగా లెక్చరర్ పోస్టుల ప్రకటన ఒకటి పడింది. మామూలుగానే ఆ ప్రకటనల్లో 'ఈ తేదీ నాటికి అర్హత కలిగి ఉండాలి' అని ఒక వాక్యం ఉంటుంది. నేను రాసిన పేపర్లు అప్పటికి ఏదో గదిలో కట్టలు కట్టి ఉన్నాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ లేదు, అన్ని సెమిస్టర్ల మార్కులుండే కన్సాలిడేటెడ్ మెమో లేదు, అప్లికేషన్ ఫామ్‌లో ఉత్తీర్ణత సంవత్సరం అని అడిగినచోట రాయడానికి ఏమీ లేదు. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి ప్రకటన ఎన్నేళ్ళకొకసారి వస్తుందో నిరుద్యోగులందరికీ తెలుసు. తర్వాత నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది, మెమో కూడా చక్కగా లామినేషన్ చేయించాను.

2022 సెప్టెంబర్‌లో యూజీసీ స్పష్టంగా చెప్పింది, గుర్తింపు ఉన్న సంస్థలు దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఇచ్చే డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమేనని. మంచి మాట. ఇంటర్వ్యూల్లో 'డిస్టెన్సా?' అని ముఖం చిట్లించేవాళ్ళకి చూపించడానికి ఆ సర్క్యులర్ ఫోన్లో పెట్టుకు తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ రెగ్యులర్ పిల్లలకి జూన్‌లో ఫలితాలొచ్చి, అదే చదువు చదివిన మాకు మరుసటి ఏడాది సంక్రాంతికి వస్తే సమానం కాగితం మీదే ఉంటుంది.

ఇంకో సంగతి. నేనేదో కొత్త హక్కు కోరుతున్నానని అనుకోకండి. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన యూజీసీ ఓపెన్, దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల్లో, ప్రతి సంస్థ తన వెబ్‌సైట్‌లో తప్పనిసరిగా పెట్టాల్సిన వివరాల పట్టిక ఉంది. అడ్మిషన్లు, రీ-రిజిస్ట్రేషన్, కౌన్సెలింగ్ తరగతులు, అసైన్‌మెంట్లు, పరీక్షలు, ఫలితాల ప్రకటన, వీటన్నిటి షెడ్యూళ్ళు అందులో ఉన్నాయి. అంటే నేను అడుగుతున్నది మీరు ఇప్పటికే చేస్తామని ఒప్పుకున్న పనే. అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఈ నిబంధనలు పాటిస్తామని రాసిచ్చే ఉంటారు కదా.

అసలు ఈ పనికి మన దగ్గర ఉన్న చరిత్ర చూస్తే ఇంకా బాధేస్తుంది. దేశంలో కరస్పాండెన్స్ కోర్సులు 1962లో ఢిల్లీ యూనివర్సిటీలో మొదలైతే, పదేళ్ళకే, 1972లో, ఆంధ్రా యూనివర్సిటీ అందుకుంది. 1977లో ఉస్మానియా. 1982లో హైదరాబాద్‌లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇంటర్ లేనివాళ్ళని కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. గ్రూప్స్‌కి చదివే పిల్లల గదుల్లో ఇవాళ్టికీ తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన ఆ యూనివర్సిటీ పుస్తకాలు ఉంటాయి, అందులో చేరనివాళ్ళు కూడా కొనుక్కుంటారు. దాని మొదటి వీసీ జి. రాంరెడ్డి గారు, అంతకుముందు ఉస్మానియా వీసీ, తర్వాత 1985లో ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీకి (ఇగ్నో) మొదటి వీసీ, ఆ తర్వాత యూజీసీ చైర్మన్. దేశానికి దూరవిద్య నేర్పిన మనిషి మనవాడు. ఉస్మానియా దూరవిద్యా కేంద్రానికి ఆయన పేరే పెట్టుకున్నాం.

ఆయన ఢిల్లీ వెళ్ళి నిలబెట్టిన ఇగ్నోలో జూలై, జనవరి అడ్మిషన్లు, జూన్, డిసెంబర్ పరీక్షలు. అక్కడా ఇబ్బందులుంటాయి, మెటీరియల్ ఆలస్యమని, ఇంకోటని ఫిర్యాదులుంటాయి. కానీ మీరు ఇగ్నో విద్యార్థిని నిద్రలో లేపి పరీక్షలెప్పుడని అడిగినా జూన్ అనో డిసెంబర్ అనో చెప్తాడు. మమ్మల్ని అడిగితే గ్రూపులో చూసి చెప్తాం అంటాం.

ఐఐటీ మద్రాస్ సంగతి చూడండి. 2020లో డేటా సైన్స్ డిగ్రీ మొదలుపెట్టారు, జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు విని క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష రాసి పాసైతే చేరొచ్చు. ఏడాదికి మూడు టర్ములు. పాఠాలు ఇంట్లో కూర్చుని వినొచ్చు గానీ క్విజ్‌లు, చివరి పరీక్ష మాత్రం సెంటర్‌కి వెళ్ళి రాయాలి, వాటి తేదీలు టర్ము మొదట్లోనే క్యాలెండర్‌లో ఉంటాయి. మా బళ్ళో కంప్యూటర్ సార్ ఒకాయన అది చదువుతున్నారు. టర్ము మొదలవగానే ఆయన తన పరీక్షల ఆదివారాలు స్టాఫ్ రూమ్ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టేస్తారు, ఆ రోజు బళ్ళో ఏ మీటింగ్ పెట్టినా ఆయన్ని పిలవరు. నాకు అసూయ పుట్టింది వాళ్ళ వీడియోలు చూసి కాదు, ఆ ఎర్ర గుండ్రాలు చూసి. ఫీజు ఎక్కువే, సామాజిక వర్గాన్ని బట్టి, ఆదాయాన్ని బట్టి రాయితీలున్నా కూడా మాలాంటివాళ్ళు ఆలోచించాల్సినంత ఎక్కువ. కానీ క్యాలెండర్ వేయడానికి ఐఐటీ అంత డబ్బు కావాలా?

మీ వైపు ఇబ్బందులు లేవని నేననడం లేదు. కొన్ని నాకు తెలుసు, మా కోఆర్డినేటర్ సారే ఒకసారి మనసు విప్పి చెప్పారు. యూజీసీ అనుమతులు ఆలస్యంగా వస్తాయి, అడ్మిషన్ గడువు ఒకసారి ప్రకటించి మళ్ళీ పొడిగిస్తారు, అలా పొడిగించిన ప్రతిసారీ వెనకాల ఉన్న తేదీలన్నీ వెనక్కి జరుగుతాయి. సరే. అలాంటప్పుడు తేదీ బదులు వారాల లెక్క ఇవ్వండి. అడ్మిషన్లు ముగిసిన రోజు నుంచి ఇన్నో వారంలో పరీక్షలు, పరీక్షలు ముగిసిన ఇన్ని రోజులకి ఫలితాలు అని. అప్పుడు ఢిల్లీలో అనుమతులు ఎంత ఆలస్యమైనా మా లెక్క మేం వేసుకోగలం. సిబ్బంది లేరు, పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నాయి, పేపర్లు దిద్దేవాళ్ళు దొరకడం లేదు అన్నారు. అది నిజమే అయినా తేదీ రాయకపోవడానికి అది కారణం ఎలా అవుతుంది? దిద్దడానికి నాలుగు నెలలు పడితే నాలుగు నెలలని రాయండి. నాలుగు నెలలని తెలిస్తే ఏ నోటిఫికేషన్ మీద ఆశ పెట్టుకోవాలో, దేన్ని వదులుకోవాలో మేమే తేల్చుకుంటాం. పరీక్ష హాళ్ళు దొరకవు అన్నది మూడోది. ఇంటర్ పరీక్షలు, పదో తరగతి పరీక్షలు జరిగే మార్చిలో పెడితే ఎలా దొరుకుతాయి సార్? ఆ పరీక్షల తేదీలు నెలల ముందే బోర్డులు ప్రకటిస్తాయి, పిల్లలకి కూడా తెలుస్తాయి.

అందుకని మా కోరిక ఇంకొంచెం వివరంగా రాస్తాను. ప్రాస్పెక్టస్‌లో ఫీజుల పట్టిక ఉంటుంది కదా, అది మాత్రం ఎప్పుడూ తప్పుల్లేకుండా, లేట్ ఫీజుతో ఏ తేదీ వరకు, తత్కాల్‌తో ఏ తేదీ వరకు అని అంచెలంచెలుగా ఉంటుంది. మా నుంచి రావాల్సినవాటికి తేదీలు అంత బాగా వేయగలిగినవాళ్ళు మాకు ఇవ్వాల్సినవాటికి వేయలేరంటే నేను నమ్మను. ఆ పట్టిక కిందే ఇంకో పట్టిక పెట్టండి. మెటీరియల్ ఎప్పటిలోగా చేరుతుంది, కాంటాక్ట్ క్లాసులు ఏ ఆదివారాల్లో, అసైన్‌మెంట్లకి చివరి రోజేది, పరీక్షలు ఏ వారం, ఫలితాలు ఎప్పటిలోగా. కాంటాక్ట్ క్లాసులు తెలంగాణలో దసరా సెలవుల్లో, ఆంధ్రాలో సంక్రాంతి సెలవుల్లో పెట్టగలిగితే టీచర్లకి మేలు, మీకు గదులూ దొరుకుతాయి. వారమంతా వరసగా కాకుండా ఆదివారాల్లో పరీక్షలు పెట్టే అవకాశం ఉంటే కండక్టర్లకీ నర్సులకీ షాపుల్లో పనిచేసేవాళ్ళకీ మేలు, కాకపోతే ఇది రెండో కోరిక, మొదటిది తీరాక మాట్లాడుకుందాం.

వాయిదా తప్పనిసరైతే వేయండి. తుఫాను వస్తుంది, ఎన్నికలు వస్తాయి, ఎవరి చేతుల్లోనూ లేనివి ఉంటాయి. అప్పుడు కారణం రాయండి, కొత్త తేదీ అదే కాగితంలో రాయండి, ఎస్సెమ్మెస్ పంపండి. మా ఫోన్ నంబర్లు మీ దగ్గరున్నాయి, ఫీజు గడువు గుర్తు చేయడానికి మెసేజ్‌లు బాగానే వస్తున్నాయి. ఫలితాలు ఆలస్యమై, విద్యార్థి ఏదైనా ఉద్యోగ ప్రకటన చూపిస్తే ఆ ఒక్కరి పేపర్లు ముందు దిద్దించి ప్రొవిజనల్ ఇచ్చే ఏర్పాటు కూడా ఆలోచించండి. తత్కాల్ పేరుతో డబ్బు తీసుకుని సర్టిఫికెట్ త్వరగా ఇవ్వడం మీకు ఎలాగూ అలవాటే. మీ తప్పు వల్ల ఆలస్యమైనప్పుడు అదే పని ఉచితంగా చేయండి.

నాకు ఇప్పుడు ఇందులో సొంత లాభం లేదు, నా చదువు అయిపోయింది. మా చెల్లెలు జనవరి సెషన్‌లో ఎంఏ ఎకనామిక్స్‌కి కడదామనుకుంటోంది. సచివాలయంలో ఉద్యోగం, ఏ సెలవైనా ముందుగా పెట్టుకోవాలి. మీ యూనివర్సిటీల ప్రాస్పెక్టస్‌లు డౌన్‌లోడ్ చేసి ముందేసుకుని కూర్చున్నాం, పరీక్షల వారం రాసి ఉన్నది ఏదైతే దానికే కడతాం. ఇప్పటిదాకా చూసినవాటిలో 'తర్వాత తెలియజేయబడును' అనే ఉంది. అడ్మిషన్ల గడువు ఇంకా ముగియలేదు కాబట్టి ఆ పేజీ మార్చడానికి మీకు వ్యవధి ఉంది.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థిని, ఒక లెక్కల టీచరు